తెల్లకోటు విడిచాక రంగుల బండి



మన సరిహద్దు జిల్లాల్లో కార్ ఫెస్టివల్ అంటే ఎవరికైనా తేరే గుర్తుకొస్తుంది. పూరీ జగన్నాథుడి రథమైనా, హోసూరు చంద్రచూడేశ్వరుడి తేరైనా ఇంగ్లీషు పత్రికలవారి భాషలో కారే. ఇవాళ నేను చెప్పబోయేది కూడా ఒక విధమైన కారు ఉత్సవం గురించే. కాకపోతే అందులో కదిలేవి నిజంగా పెట్రోలు పోసుకుని నడిచే కార్లు. వాటిని ఆర్ట్ కార్లు అంటారు. పాతదో కొత్తదో ఒక బండి తీసుకుని, దాని మీద గాజుపెంకులో, గుండీలో, బొమ్మలో, సీసా మూతలో అతికించి, లేదా రేకు కోసి వెల్డింగు చేసి చేపగానో ఏనుగుగానో మార్చి, వీధిలో నడుపుకుంటూ వెళ్ళడమే ఆ కళ. అమ్మకానికి కాదు, ప్రకటనకీ కాదు. సొంతదారు సరదా కొద్దీ చేసుకున్నది. చూసినవాడికి నవ్వొస్తే ఆ బండి పని నెరవేరినట్టే.

వైద్యుడికి ఈ గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. నేను ముప్పై ఆరేళ్ళు సర్కారు ఆసుపత్రుల్లో పనిచేసి విరమించాను. మా వృత్తిలో విరమణ అన్నది పుస్తకాల్లో లేని ఒక జబ్బు. నిన్నటిదాకా గుమ్మం ముందు చెప్పుల వరుస ఉంటుంది. పిల్లకి జ్వరమని తల్లి వస్తుంది, కాలు విరిగిందని కూలీ వస్తాడు, ఏ జబ్బూ లేకపోయినా మాట్లాడిపోదామని ఒక ముసలాయన వస్తాడు. మర్నాటి నుంచి ఆ వరుస ఉండదు. మనుషులు తనను వెతుక్కుంటూ రావడానికి అలవాటు పడ్డవాడికి అది చిన్న దెబ్బ కాదు. కొందరు ఇంటి వసారాలోనే ఒక బల్ల వేసుకుని బి.పి. చూస్తూ కాలం గడుపుతారు. తప్పులేదు. కానీ వయసు మీద పడ్డాక కొత్త మందులతో సమానంగా చదువు సాగించడం అందరి వల్లా కాదు, అలా సాగించలేనప్పుడు మానుకోవడమే రోగికి క్షేమం. అయితే చేతులు ఊరుకోవు గదా. కుట్లు వేసిన చేతులు, విరిగిన ఎముక సవరించిన చేతులు ఏదో ఒక పని అడుగుతూనే ఉంటాయి. అమెరికాలో వైద్యవృత్తి ముగించుకుని ఈ ఆర్ట్ కార్ల పనిలోకి దిగినవారు కూడా ఉన్నారని తెలిశాక, అసలు ఈ సంగతేమిటో చూద్దామని నేనూ కాస్త లోతుగా చదివాను.

ఈ కళకు పెద్ద ఊరు టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్. అది ఆసుపత్రుల ఊరు కూడా. మన తెలుగు పిల్లలు అక్కడ చాలామంది స్థిరపడ్డారు, మీలో కొందరికి కొడుకో కూతురో అక్కడే ఉండి ఉంటారు. ఆ ఊళ్ళో ఈ కార్ల ఉత్సవం ఎలా మొదలైందో తెలుసుకోవాలంటే, ఒక్క కారూ అలంకరించని ఒక మనిషి కథ చెప్పుకోవాలి.

ఆయన పేరు జెఫ్ మెకిసాక్. 1902లో పుట్టాడు. హ్యూస్టన్‌లో ఉత్తరాలు పంచే పోస్టుమాన్. నారింజపండును మించిన ఆహారం లోకంలో లేదని ఆయన నమ్మకం. వందేళ్ళు బతికి అప్పటికీ చురుగ్గా ఉండటం ఎలాగో చెబుతూ ఒక చిన్న పుస్తకం కూడా అచ్చు వేయించాడు. ఆ నారింజ మహిమ చాటడానికి 1956లో తన స్థలంలో ఒక కట్టడం మొదలుపెట్టాడు. ఇటుకలు, రంగు పెంకులు, పళ్ళచక్రాలు, బండి చక్రాలు, ట్రాక్టరు సీట్లు, ఊళ్ళో ఎక్కడ ఏది పారేస్తే అది ఏరి తెచ్చాడు. మేస్త్రీ తనే, కూలీ తనే. ఇరవై ఏళ్ళు దాటి ఒంటిచేత్తో కట్టాడు. దాని పేరు ఆరెంజ్ షో. 1979 మే నెలలో తలుపులు తీశాడు. జనం తండోపతండాలుగా వస్తారని ఆయన ఆశ. వచ్చినవాళ్ళు కొద్దిమందే. ఏడాది తిరగకుండానే, 1980 జనవరిలో కన్నుమూశాడు.

వైద్యుడిగా ఒక మాట అనాలి. నారింజ మంచి పండే, కాని వందేళ్ళకు అది హామీపత్రం రాసివ్వదు. ఆ మనిషిని దిగులే తీసుకెళ్ళిందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు, అలా చెప్పడం వైద్యం కూడా కాదు. అయితే ఇరవై మూడేళ్ళు ఒంటరిగా కట్టిన ఇంటికి జనం రాకపోతే ఆ గుమ్మంలో నిలబడ్డవాడికి ఎలా ఉంటుందో ఊహించడానికి డాక్టరీ చదవక్కర్లేదు.

ఆ తర్వాత జరిగింది చూడండి. మార్లిన్ ఆష్‌మన్ అనే ఆ ఊరి కళాభిమాని మరికొందరిని కూడగట్టి, ఆ కట్టడం కూలిపోకుండా ఒక సంస్థ పెట్టి దాన్ని కొనిపించింది. సంస్థ నడవడానికి డబ్బు కావాలి. 1984లో ఆ నిధి కోసం జాకీ హారిస్ అనే చిత్రకారిణి చేతిలో 1967 నాటి ఒక ఫోర్డు స్టేషన్ వాగన్ పెట్టారు. ఆమె దాన్నిండా రంగులు పూసి, ప్లాస్టిక్ పళ్ళు గుత్తులు గుత్తులుగా అతికించింది. దానికి ఫ్రూట్‌మొబీల్ అని పేరు. మన భాషలో పళ్ళబండి అనుకోండి. ఆ బండి వీధిలోకి వస్తే పిల్లలూ పెద్దలూ ఆగి చూశారు. మెకిసాక్ ఇల్లు జనాన్ని రమ్మని పిలిచింది, వాళ్ళు రాలేదు. పళ్ళబండి తనే జనం దగ్గరకు వెళ్ళింది. తేడా అంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. మన పెద్దలకు ఇది ఎప్పుడో తెలుసు. గుడికి రాలేనివాడి గుమ్మం ముందుకు ఉత్సవమూర్తిని తేరు మీద తీసుకొచ్చేది అందుకే.

1988లో ఆరెంజ్ షో వాళ్ళు మొదటి ఆర్ట్ కార్ల ఊరేగింపు జరిపారు. వచ్చినవి నలభై బళ్ళు. ఇప్పుడు 250కి పైగా వస్తున్నాయి, దారి పొడుగునా లక్షల మంది నిలబడతారు. సాధారణంగా ఏప్రిల్‌లో జరుగుతుంది. అమెరికాలో పిల్లల ఇంటికి వెళ్ళి ఆరు నెలలు గోడలు చూస్తూ కూర్చునే మన పెద్దవాళ్ళు ఆ నెలలో హ్యూస్టన్‌లో ఉంటే, మీనాక్షి గుడికి తీసుకెళ్ళమన్నట్టే దీనికీ తీసుకెళ్ళమనండి. పిల్లలు కాదనరు.

ఆ ఊరేగింపులో బడిపిల్లల బళ్ళు ఎక్కువగా ఉంటాయి. ఒక్కొక్క బడి వారు కొన్ని నెలలు కష్టపడి ఒక బండి తయారు చేస్తారు. చదువులో వెనకబడ్డ పిల్లవాడు వెల్డింగు టార్చి పట్టుకుంటే ముందుకొస్తాడు. ఉద్యోగాలు విరమించినవాళ్ళు, మెకానిక్కులు, చిత్రకారులు అందులో పక్కపక్కనే ఉంటారు. అక్కడ పేరు ముందు డాక్టరు అన్న మాటకు విలువ లేదు. రేకు వంచడం ఎవరికి వస్తే వాడే పెద్ద.

ఒక రైల్వే ఉద్యోగి ముచ్చట కూడా చెప్పి ముందుకు పోతాను. జాన్ మిల్కోవిష్ అని, రైలు పెట్టెల సీట్లకు గుడ్డ తొడిగే పనివాడు. 1968లో తన పెరట్లో మొదలుపెట్టి, పద్ధెనిమిదేళ్ళలో దాదాపు యాభై వేల బీరు డబ్బాలు కోసి చదును చేసి ఇంటి గోడలకు తొడిగాడు. చూరు నుంచి డబ్బా మూతల దండలు వేలాడదీశాడు. గాలి వీస్తే అవి గలగలమంటాయి. ఈ ఇంటిని కూడా ఇప్పుడు ఆరెంజ్ షో సంస్థే కాపాడుతోంది. అన్ని డబ్బాలు ఖాళీ చేయడం మంచిదా అని అడిగితే మాత్రం నేను వైద్యుడిగానే జవాబు చెబుతాను.

ఈ కళను హ్యూస్టన్ దాటించి లోకానికి చూపించినవాడు హారడ్ బ్లాంక్. కాలిఫోర్నియా వాడు. ఇలాంటి బళ్ళ మీద 1992లో వైల్డ్ వీల్స్ అనే డాక్యుమెంటరీ తీశాడు. ఆయన సొంత బళ్ళలో ఒకటి కెమెరాల వాన్. ఒక పాత డాడ్జి వాన్ మీద 1,700కు పైగా కెమెరాలు అతికించాడు. చాలావరకు పనిచేయనివే, కొన్ని మాత్రం నిజంగా ఫోటోలు తీస్తాయి. డ్రైవరు సీట్లోంచి మీట నొక్కితే, బండిని చూసి నోరు తెరిచినవాడి ముఖం ఫోటోలో పడుతుంది. ఈ సంగతి చదివినప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. నా ముప్పై ఆరేళ్ళలో నేను చూసిన ముఖాలు వేలు. నా బల్ల ముందు కూర్చున్న ప్రతి ముఖంలోనూ మొదట కనబడేది భయమే. అదే వీధిలో, అదే మనుషుల ముఖాల్లో మరో భావం చూడాలంటే ఇంకేదో చేయాలి.

అందుకే మా వీధి చివర ఒక టింకరింగు షెడ్డులో పడి ఉన్న పాత అంబాసిడరును మేము కొందరం కలిసి తీసుకున్నాం. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది గదా, విడిభాగాలకు కూడా వెతుక్కోవాల్సిన కాలం. నేను, ఒక విరమించిన కాంపౌండరు, ఒక దర్జీ, లారీల మీద బొమ్మలు వేసే ఒక పెయింటరు, ఇద్దరు కాలేజీ పిల్లలు. ఆ పెయింటరు సంగతి కొంచెం చెప్పాలి. ఒకప్పుడు విజయవాడ ఆటోనగర్‌లోనూ, ఇటు నామక్కల్, తిరుచెంగోడు వైపునా లారీ బాడీ కట్టారంటే తలుపు మీద నెమలి, వెనక పలక మీద తామరపువ్వు, నుదుటి మీద ఇంటి దేవుడి పేరు ఉండాల్సిందే. ఇప్పుడు స్టిక్కర్లు, ఫ్లెక్సీలు వచ్చాయి, కాబిన్లు ఫ్యాక్టరీ నుంచే తయారై వస్తున్నాయి. ఒక్క గీతలో నెమలి మెడ తిప్పగల చెయ్యి నెలలో సగం రోజులు ఖాళీగా ఉంటోంది. మాది ఒక ఖాళీ, ఆయనది మరో ఖాళీ. రెండూ ఆ షెడ్డులో కలిశాయి.

వైద్యులకు ఒక అలవాటుంటుంది. చీటీ రాసిస్తే పని జరిగిపోవాలి. షెడ్డులో చీటీ చెల్లదు. ఎనామిలు రంగులో ఎంత టర్పెంటయిను కలపాలో, ఏ కుంచె ఎలా పట్టుకోవాలో ఆ పెయింటరు చెబితే చేతులు కట్టుకుని వినాలి. అరవై దాటాక శిష్యరికం చేయడం మొదట్లో గొంతు దిగని మాత్రలా ఉంటుంది. ఆ తర్వాత హాయిగానే ఉంటుంది. ఏళ్ళ తరబడి ప్రతి నిర్ణయం తన మీదే మోసినవాడికి, ఎవరో ఒకరు ఇలా కాదు డాక్టరుగారూ, అలా పట్టుకోండి అని చెప్పడం విశ్రాంతి లాంటిది.

ఇక బండికి అతికించే వస్తువులు. వాటిని కొనడం మొదలుపెడితే సగం ప్రయోజనం పోయినట్టే. ఇళ్ళల్లోంచి రావాలి. విరిగిన గాజులు, పగిలిన పింగాణీ కప్పులు, తాళంలేని చెవులు, చెవిలేని తాళాలు, పెళ్ళినాటి స్టీలు గిన్నె మూత. ఒకావిడ ఆగిపోయిన చేతిగడియారం తెచ్చింది. భర్తది. ఆయన ఆఖరి రోజుల్లో మందు రాసింది నేనే. పారేయడానికి చెయ్యి రాదు, ఇంట్లో కనబడితే నిద్ర రాదు, మీ బండి మీద పెట్టండి అంది. కుడివైపు ముందు తలుపు మీద పెట్టాం. ఆవిడ మార్కెట్టుకి వెళ్ళేటప్పుడు షెడ్డు ముందు ఒక నిమిషం ఆగుతుంది. నాతో మాట్లాడుతుంది. ఆసుపత్రిలో ఉండగా ఆవిడ నాతో రెండు మాటలకు మించి మాట్లాడలేదు.

ఇందులో ఆరోగ్య ప్రయోజనం ఏమైనా రుజువైందా అని అడిగేవారుంటారు. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2019 డిసెంబరులో ఒక అధ్యయనం ప్రచురించింది. ఇంగ్లండులో యాభై దాటిన 6,700 మందికి పైగా మనుషులను దాదాపు పద్నాలుగేళ్ళు గమనించారు. కొన్ని నెలలకొకసారైనా నాటకాలకో, కచేరీలకో, చిత్రశాలలకో వెళ్ళేవారిలో, అసలే వెళ్ళనివారి కంటే ఆ కాలంలో మరణించే ముప్పు 31 శాతం తక్కువగా కనబడింది. అయితే దీన్ని తొందరపడి మందుచీటీ చేయకూడదు. ఆరోగ్యంగా, కలిమితో ఉన్నవారే బయటికి ఎక్కువ వెళతారు గదా. ఆ తేడాలను లెక్కలోంచి తీసివేయడానికి పరిశోధకులు ప్రయత్నించినా, ఇలాంటి అధ్యయనం సంబంధాన్ని చూపుతుంది తప్ప కారణాన్ని రుజువు చేయదు. పైగా అది కళను చూడటం గురించి, చేయడం గురించి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే 2019లో కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించి నివేదిక ఇచ్చింది. మేలు ఉందనే దాని సారాంశం. నేను మాత్రం ఆయుష్షు పెరుగుతుందని ఎవరికీ చెప్పను. పొద్దున్నే లేవడానికి ఒక పని ఉంటుందని చెబుతాను.

మన తెలుగువారిలో ఈ విద్యకు పేరు పడ్డవాడు హైదరాబాదు కె. సుధాకర్. చిన్నప్పటి నుంచే తుక్కుతో బళ్ళు కట్టడం మొదలుపెట్టి, 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడు చక్రాల సైకిలు తొక్కి గిన్నిస్ రికార్డు సాధించాడు. 2010లో బహదూర్‌పురాలో, జూపార్కుకు దగ్గరలో, సుధా కార్స్ మ్యూజియం తెరిచాడు. అందులో వంకాయ కారు, బర్గరు కారు, క్రికెట్ బ్యాటు కారు, ఎత్తుమడమ చెప్పు కారు ఉన్నాయి. అవన్నీ నడిచేవే. సంక్రాంతికో వేసవి సెలవులకో హైదరాబాదు వెళ్ళేవారు పిల్లలకు తప్పక చూపించండి. వైద్యులు గౌరవించాల్సిన సంగతి మరొకటుంది. ఎయిడ్స్ గురించి నలుగురిలో మాట్లాడటానికి జనం సిగ్గుపడుతుంటే ఆయన కండోమ్ ఆకారంలో మోటారు సైకిలు చేశాడు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, కరోనా క్రిమి ఆకారంలో ముళ్ళు ముళ్ళుగా ఒక చిన్న కారు కట్టి, ఇళ్ళల్లోనే ఉండమని చెప్పడానికి వీధిలోకి తెచ్చాడు. గోడకు అంటించిన ఆరోగ్యశాఖ కాగితాన్ని ఎంతమంది చదువుతారో నాకు బాగా తెలుసు. ముళ్ళ కారును చూడనివాడు ఉండడు.

ఇక చేయదలచిన వారికి కొన్ని పనికొచ్చే మాటలు.

బండి రేకు ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, నడిస్తే అదురుతుంది. గట్టిపడి బిగుసుకుపోయే జిగురు ఏదైనా కొన్నాళ్ళకు పెళుసెక్కి ఊడిపోతుంది. అందుకే ఈ పనివారు ఎక్కువగా వాడేది సిలికాన్. అది ఆరినా రబ్బరులా సాగుతుంది. అందులో వెనిగరు వాసన వేసే రకం ఒకటుంది, అది రంగు పోయిన ఉట్టి రేకుకు తుప్పు పట్టిస్తుంది. కొట్టువాణ్ణి అడిగి న్యూట్రల్ రకం తీసుకోండి. ముందు గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము, జిడ్డు లేకుండా తుడవాలి. పుండు కడగకుండా కట్టు కడితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

గాజు, పింగాణీ పెంకుల అంచులు రాయి మీద అరగదీయందే అతికించకండి. పిల్లలు చెయ్యి వేయకుండా ఉండరు. కోసేటప్పుడు కళ్ళద్దాలు, రంగు చల్లేటప్పుడు ముక్కుకు మాస్కు. థిన్నరు డబ్బా తెరిచి షెడ్డు తలుపులు మూయకండి. ఆసుపత్రివారికి ప్రత్యేకంగా ఒక మాట. ఇంజక్షను సీసాల రంగు మూతలు చూడముచ్చటగా ఉంటాయి, నాకూ ఆశ పుట్టింది. కానీ వాడిన సీసాలు, సూదులు, గొట్టాలు వైద్య వ్యర్థాల కిందికి వస్తాయి. 2016 నియమాల ప్రకారం వాటిని వేరుచేసి అప్పగించాల్సిందే. ఆసుపత్రి చెత్త నుంచి ఏదీ తేవద్దు.

చట్టం సంగతి. అక్కడ మొదటి ఊరేగింపు జరిగిన 1988లోనే ఇక్కడ మన మోటారు వాహనాల చట్టం వచ్చింది. అందులోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండి స్వరూపాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. రంగు మారిస్తే ఆర్.టి.ఓ. కార్యాలయంలో తెలియజేసి ఆర్.సి. పుస్తకంలో రాయించుకోవాలి. అందువల్ల రోజూ నడిపే బండి మీద కొమ్ములూ తొండాలూ పెట్టే ఆలోచన మానుకోండి. మా అంబాసిడరు ఆర్.సి. గడువు ఎప్పుడో తీరింది, దాన్ని రోడ్డు మీద నడపం, షెడ్డు ముందే నిలబెడతాం. కదిలే బండే కావాలంటే రిక్షా ఉంది, తోపుడుబండి ఉంది, ఎడ్లబండి ఉంది. యానాం శ్రోతలకు పొరుగున కోనసీమలో కనుమనాడు భుజాల మీద ప్రభలు మోసుకొస్తారు. రంగు గుడ్డ, వెదురు, తాడు, పదిమంది భుజాలు. ఇంజను లేదు, లైసెన్సు అక్కర్లేదు.

బండిని ఒక్కరే పూర్తి చేయాలని మాత్రం చూడకండి. ఒక పక్క తలుపు ఖాళీగా వదిలేయండి. మా బండికి ఎడమవైపు వెనక తలుపు ఇంకా ఉట్టి రేకుగానే ఉంది. ఎవరేం తెస్తారో చూస్తున్నాం. మొన్న ఒక కుర్రవాడు తెగిపోయిన హార్మోనియం మెట్లు నాలుగు తెచ్చి ఇచ్చాడు. సిలికాన్ పెట్టి అతికించాం. ఆరడానికి ఒక రోజు పడుతుంది, అందాకా ఎవరూ ముట్టుకోకుండా కాంపౌండరుగారు కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నారు.